రాజపాళయమూ, మా రాయలూ

మా ఇంట్లో కుక్క ఉన్నదన్న సంగతి మా కాలేజీలో అందరికీ తెలుసు. ఆ కుక్క నా మాట వినదన్న సంగతి కూడా అందరికీ తెలుసు. "మాష్టారూ! క్లాసులో కుర్రాళ్ళు వినరు, ఇంట్లో కుక్క వినదు. ఇక మీ మాట వినేదెవరండీ?" అని మా లెక్కల లెక్చరరుగారు స్టాఫ్ రూములో అన్నప్పుడు అందరితోబాటు నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది. ఆ సిగ్గు నాకు తెలిసివచ్చింది రాజపాళయంలో. కనుక ముందు కుక్క సంగతి చెప్పి, తర్వాత ఊరి సంగతి చెబుతాను.

నాలుగేళ్ళ క్రితం మా పక్క వీధిలో దొంగలు పడ్డారు. బావి మోటారూ, పెరట్లో ఆరవేసిన ఇత్తడి బిందెలూ పోయాయి. పోయినవి వాళ్ళవే అయినా, నిద్ర పోయింది మాత్రం మా శ్రీమతికి. "ఈ ఇంటికొక కుక్క ఉంటే తప్ప లాభం లేదు" అన్నదావిడ. "పెద్ద కుక్క కావాలి, నాన్నా" అన్నది మా అమ్మాయి. ఇంతకాలమూ పుస్తకాల బీరువా తప్ప కాపలా కాయదగ్గ వస్తువు నా ఇంట్లో ఏదీ లేదనుకుంటూ వచ్చిన నేను మెజారిటీకి తల ఒగ్గాను.

ఒక మహానగరంలో కుక్కపిల్లల బేరగాడొకడు నలభై రోజుల పిల్లను నా చేతిలో పెట్టి, "అసలు సిసలు రాజపాళయం జాతి సార్" అన్నాడు. పాల నురుగులాంటి తెలుపు. గులాబిరంగు ముక్కు. తేనెరంగు కళ్ళు. ఇరవై ఏళ్ళుగా ఆముక్తమాల్యద పాఠం చెబుతున్నవాణ్ణి గనుక, వెనకా ముందూ ఆలోచించకుండా రాయలు అని పేరు పెట్టేశాను. ఏడాది తిరిగేసరికి రాయలు భుజం దగ్గర ఇరవై ఎనిమిది అంగుళాలు ఎదిగాడు. లోతైన రొమ్ము, పీల్చుకుపోయిన కడుపు, కొడవలిలా వంగిన తోక. గేటు దగ్గర నిలబడితే పోస్టుమాను ఉత్తరాలు గోడమీదనుంచి విసిరేవాడు.

వాడి గాంభీర్యం చూసి మేము మురిసిపోయేవాళ్ళం. దీపావళికి ఊరంతా దద్దరిల్లుతుంటే వీధి కుక్కలన్నీ మంచాల కింద దూరాయి. మా రాయలు అరుగు మీద కాళ్ళు చాపుకుని నిద్రపోయాడు. పెళ్ళివారి బ్యాండు గేటు ముందు అరగంట నిలబడి వాయించినా కన్ను విప్పలేదు. "జాతి అంటే అదండీ!" అన్నారు చూడవచ్చినవాళ్ళు. కంటబడిన కొత్తవాణ్ణి గర్జించి నిలబెట్టేవాడు. కాని పాలవాడు పెరటి తలుపు గడగడలాడించి లోపలికి వచ్చి, పాలు పోసి వెళ్ళిపోయినా వాడికి పట్టేది కాదు. "రాజుగారికి పెరటి దారి తమ హోదాకు తక్కువ" అన్నాను నేను. అందరూ నవ్వారు.

చిక్కల్లా ఒక్కటే. పిలిస్తే రాడు. కూర్చోమంటే కూర్చోడు. ఎదురుగా నిలబడి చెప్పినప్పుడు నా ముఖంకేసి, చేతులకేసి ఎంతో శ్రద్ధగా చూసేవాడు. వెనకనుంచి "రాయలూ!" అని కేకవేస్తే చెవి కూడా కదిపేవాడు కాడు. పొగరు అనుకున్నాను. పొగరు అణచడానికి అధ్యాపకుడికి తెలిసిన ఉపాయం ఒకటే గదా! బెత్తం తెచ్చాను. నిజం దాచడమెందుకు? నెలల తరబడి కొట్టాను. గట్టిగా కాదని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. మందమతి కుర్రాళ్ళమీద క్లాసులో వాడే సామెతనే వాడిమీద కూడా ప్రయోగించేవాణ్ణి: "వీడికి చెప్పడం చెవిటివాని ముందు శంఖం ఊదినట్లే!" ఆ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. అంటూ కూడా అర్థం చేసుకోలేకపోయాను.

క్రిందటేడు కార్తీకమాసంలో మా చెల్లెలి కొడుకు, ఏడేళ్ళవాడు, నిద్రపోతున్న రాయలు వీపుమీద వెనకనుంచి చెయ్యివేశాడు. వాడు ఉలిక్కిపడి లేచి మెడ తిప్పి నోరు వేశాడు. కుర్రవాడి మణికట్టుమీద పన్ను గీరుకుంది. రాయలుకు ఏటా టీకా వేయిస్తూనే ఉన్నాం. అయినా పావుగంటసేపు సబ్బునీళ్ళతో పుండు కడిగి ఆసుపత్రికి తీసుకుపోయాం. సూదిమందు వేశారు. ప్రమాదం తప్పింది. కాని ఆ రాత్రి మా చెల్లెలు భోజనం చేయలేదు. మా ఆవిడ మాట్లాడలేదు. ఊరి బయట మామిడితోట కాపలావాడు ఒకడు కుక్క కోసం వెతుకుతున్నాడని తెలిసింది. "గొలుసు వేసి చెట్టుకు కడతానండి. మెతుకులు పడేస్తాను" అన్నాడు. డిసెంబరు ఆఖరు ఆదివారం వచ్చి తీసుకుపోతానని మాట ఇచ్చిపుచ్చుకున్నాం. మా అమ్మాయి మాత్రం వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ ఆదివారానికి ముందే క్రిస్మసు సెలవులు వచ్చాయి. ధనుర్మాసం. ఇన్నేళ్ళు ఆముక్తమాల్యద చెప్పి శ్రీవిల్లిపుత్తూరు ముఖం చూడలేదన్న కొరత ఒకటి నాకు ఉండనే ఉంది. అక్కడికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలోనే రాజపాళయం. మదురైలో తెలుగు చెప్పే మిత్రులొకరు, "రాజపాళయంలో మూడు తరాలుగా ఈ కుక్కలు పెంచుతున్న రాజుగారు ఒకరున్నారు. ఒకసారి కలవండి. తోటకు ఇచ్చేముందు ఒక మాట అడగడంలో తప్పేముంది?" అని ఉత్తరం రాసి ఇచ్చారు.

మద్రాసు ఎగ్మూరులో రాత్రి పొదిగై ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. తెల్లవారేసరికి విరుదునగరం దాటి బండి పడమటి దారి పట్టింది. శివకాశి వచ్చింది. మన ఇళ్ళలో వేలాడే దేవుళ్ళ కాలెండర్లు, పిల్లలు కాల్చే టపాకాయలు, పొయ్యి వెలిగించే అగ్గిపెట్టెలు చాలావరకు ఈ ఊరివే. అక్కడినుంచి కిటికీలో కుడిచేతివైపు పడమటి కనుమలు నీలంగా లేచాయి. ఈశాన్య ఋతుపవనాల వానలు అప్పుడే వెనకబట్టి చెరువులన్నీ నిండుగా ఉన్నాయి.

శ్రీవిల్లిపుత్తూరులో దిగగానే కనబడేది పదకొండు అంతస్తుల గోపురం. ఎత్తు 190 అడుగులకు పైమాటే. దాని కింద వటపత్రశాయి. పక్కనే గోదాదేవి కోవెల. విష్ణుచిత్తుడు తులసివనంలో గోదను ఎత్తుకున్నాడన్న చోటు నేటికీ పూలతోటగా చూపిస్తారు. 1509నుంచి 1529దాకా రాజ్యమేలిన కృష్ణరాయలు, హంపీనుంచి ఇంత దూరానున్న ఈ ఊరిని తన కావ్యానికి నడిబొడ్డు చేసుకున్నాడు. అమ్మవారి ఎడమచేతిలో రోజూ కొత్తగా ఆకులతో అల్లిన చిలుక ఉంటుంది. తిరుమల బ్రహ్మోత్సవాలలో గరుడసేవనాడు స్వామివారికి వేసే మాల ఈ ఊరినుంచే వెళుతుంది. తెల్లవారుజామున తిరుప్పావై వినబడుతుంటే, ఆ గుడిలో నిలబడి ఒక గంట నేను పాఠం చెప్పే మాష్టరునన్న సంగతి మరిచిపోయాను. తోవలో పాలకోవా కొన్నాను. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చిందని దుకాణం మీద రాసి ఉంది. గుర్తింపు రాకముందునుంచే రుచిగా ఉండేదట.

అదే రోజు, శుక్రవారం మధ్యాహ్నం, బస్సులో రాజపాళయం చేరాను.

ఇది నూలు మిల్లుల ఊరు. ఊరిపక్కన సంజీవి మలై అనే గుట్ట. పడమట దట్టమైన కనుమ. సమీపంలోని ఛత్రపట్టిలో మగ్గాలమీద నేసే గాజుగుడ్డ దేశంలోని ఆసుపత్రులకు కట్లు కట్టడానికి పోతుంది. 1949నుంచి 1952దాకా, మన ఆంధ్ర జిల్లాలు కూడా కలిసి ఉన్న మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామిరాజాగారు ఈ ఊరివారే. తమ ఇంటిని ప్రజలకే ఇచ్చివేశారాయన. అదే ఇప్పటి గాంధీ కళామందిరం.

బస్సు దిగి రెండు వీధులు నడిచానో లేదో, అరుగుమీద కూర్చున్న ముసలమ్మ మనుమణ్ణి తెలుగులో తిడుతున్నది! చెవులకు అమృతం పోసినట్లయింది. విజయనగరపు కాలంలో ఇక్కడికి వచ్చి స్థిరపడ్డ రాజులు వీరు. మదురై నాయకుల ఏలుబడిలో పాళెములు వెలసిన సీమ ఇది. పాత పాళెము, కొత్త పాళెము అని ఊరి పేటలకు నేటికీ పేర్లు. బయట అరవం, ఇంట్లో తెలుగు. లిపి మాత్రం చాలామందికి రాదు.

రాజుగారికి డెబ్బై దాటి ఉంటాయి. పెంకుటిల్లు, టేకు స్తంభాలు. ఉత్తరం చూసి, "రండయ్యా, రండి. తెలుగు సీమనుంచి వచ్చినారా? మేము మాట్లాడేది తెలుగే. చదివేది అరవం. ఉత్తరం మీరే చదివి చెప్పండి" అని నవ్వారు. వారి ఇల్లాలు కాఫీ తెచ్చారు. నేను వాధ్యారునని తెలియగానే ఆయన మరికాస్త సర్దుకుని కూర్చున్నారు. ఈలోగా పెరటి తలుపుదగ్గరనుంచి నాలుగు తెల్లని కుక్కలు ఒక్కసారి వచ్చి నిలబడ్డాయి. అరవలేదు. వాసన చూడలేదు. ఊరికే నిలబడి చూశాయి. నా చేతిలో కాఫీ గ్లాసు తొణికింది. రాజుగారు అరచెయ్యి కిందికి వంచారు. నాలుగూ కూర్చున్నాయి.

"చెయ్యి చాపి నిమరవద్దు వాధ్యారుగారూ. ఇది ఒక్కరి చేతి కుక్క. ఇంటివాళ్ళకు ప్రాణమిస్తుంది. పరాయివాడి చెయ్యి నెత్తిన పడితే ఒప్పదు. అది దాని స్వభావం. పొగరు కాదు."

ఆయన చెప్పిన మాటలు చాలావరకు ఇక్కడ రాస్తాను. కుక్కను కొనదలచినవారికి పనికివస్తాయి. ఇది అడవిపందిని వేటాడిన కుక్క. పొలమూ, ఇల్లూ కాచిన కుక్క. పాళెగార్లు తెల్లవాళ్ళతో పోరాడిన రోజుల్లో శత్రువుల గుర్రపుశాలల మీదికి ఈ కుక్కలను ఉసిగొల్పారని వారి ఇంట్లో కథలు చెప్పుకుంటారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట ఆగింది. వేట ఆగాక దానికి పని పోయింది. పట్నాలవాళ్ళు సీమ కుక్కల మోజులో పడ్డారు. మేలైన జంటలు తగ్గిపోయి, ఉన్నవాటిలోనే దగ్గర సంబంధాలు కలపవలసివచ్చింది. 2005లో తపాలాశాఖ నాలుగు దేశవాళీ కుక్కలమీద బిళ్ళలు వేస్తే వాటిలో ఇదొకటి. 2020లో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో దీని పేరు చెప్పాక మళ్ళీ గిరాకీ పెరిగింది.

"గిరాకీ వచ్చింది. దాంతోబాటు మోసమూ వచ్చింది" అన్నారు రాజుగారు. "ఇది పరుగు కోసం పుట్టిన ఒళ్ళు. పొద్దునా సాయంత్రమూ కాలు సాగాలి. గొలుసు వేసి కట్టిపడేస్తే ఏడాదిలో పిచ్చిదానిలాగా తయారవుతుంది. చర్మం చూడండి, గులాబి. మిట్టమధ్యాహ్నపు ఎండ పడదు. నీడ కావాలి. మా ఇంట్లో సజ్జ సంకటి, మజ్జిగ, వారానికి రెండుసార్లు మాంసం. అంతే."

గొలుసు మాట వినగానే నాకు మామిడితోట గుర్తుకు వచ్చింది. అప్పుడు ఉండబట్టలేక రాయలు కథంతా చెప్పాను. బెత్తం సంగతి కూడా చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. లేచి, "రండి" అని పెరట్లోకి తీసుకుపోయారు.

గోనెపట్టా మీద ఆరు పిల్లలు, అయిదు వారాలవి, కుప్పగా పడి నిద్రపోతున్నాయి. తల్లిని అవతలకు పంపారు. రాజుగారు నాలుగడుగుల దూరంలో, వాటికి కనబడకుండా నిలబడి, ఇత్తడి పళ్ళెంమీద గరిటెతో ఠంగున కొట్టారు. అయిదు పిల్లలు ఎగిరి లేచాయి. ఆరోది నిద్రపోతూనే ఉంది. మళ్ళీ కొట్టారు. అయిదూ బెదిరి మూలకు పరుగెత్తాయి. వాటి ఒరిపిడి తగిలి ఆరోది కళ్ళు తెరిచి, అన్నలు ఎందుకు పరుగెత్తారో తెలియక అటూ ఇటూ చూసింది.

"దీనికి వినబడదు" అన్నారాయన. "ఈ తెలుపులోనే ఆ దోషం ఉంది. కొన్ని ఈతల్లో ఒకటో రెండో ఇట్లా పుడతాయి. వెనకటి కాలంలో ఉంచేవాళ్ళు కారు. నేను ఇంట్లోనే పెట్టుకుంటాను. అమ్మను. అమ్మేవాళ్ళు అమ్ముతారు. కొన్నవాడికి చెప్పరు. కొన్నవాడు మాట వినలేదని కొడతాడు."

నాకు కాళ్ళు ఆడలేదు. అరుగు అంచున కూర్చుండిపోయాను.

ఇంటికి ఫోను చేశాను. మా అమ్మాయి పలికింది. వారం తర్వాత నాతో మాట్లాడడం అదే మొదలు. "రాయలు ఏం చేస్తున్నాడమ్మా?" "పడుకున్నాడు. ఎందుకు? తోటవాడు ఇవాళే వస్తాడా?" అన్నది కోపంగా. రాజుగారు చెప్పినట్లే చెప్పాను: దూరంగా నిలబడు. వాడికి కనబడకు. అడుగుల అదురు తగలకూడదు. గాలి కూడా సోకకూడదు. కంచు పళ్ళెం తీసుకుని ఒక్కటి గట్టిగా కొట్టు.

ఫోనులో పళ్ళెం మోగింది. నా చెవి గింగురుమన్నది.

"నాన్నా, లేవలేదు."

"మళ్ళీ కొట్టు."

మోగింది. కాసేపు నిశ్శబ్దం. తర్వాత చాలా చిన్న గొంతుతో, "నాన్నా, వాడికి వినబడదా?" అన్నది.

దీపావళి, పెళ్ళి బ్యాండు, పాలవాడు అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి. మేము గాంభీర్యమని మురిసింది చెవుడు. పొగరని కొట్టింది చెవుడు. నిద్రలో పిల్లవాడి చెయ్యి తగిలినప్పుడు వాడు కరవలేదు, హడలిపోయాడు. అడుగుల చప్పుడు వినని ప్రాణిమీద వెనకనుంచి హఠాత్తుగా చెయ్యి పడితే ఎవరైనా ఏం చేస్తారు?

ఏటా ఆదిపర్వంలో సరమోపాఖ్యానం పాఠం చెబుతాను. జనమేజయుడి యాగశాల దగ్గర ఆడుకుంటున్న కుక్కపిల్లను ఆయన తమ్ముళ్ళు నిష్కారణంగా కొడతారు. తల్లి సరమ వచ్చి రాజును నిలదీస్తుంది. తప్పు చేయనివాణ్ణి కొట్టినవాడికి తెలియని దిక్కునుంచి భయం వస్తుందంటుంది. నన్నయగారి ఆ ఘట్టాన్ని ఎంత రసవత్తరంగా చెబుతాననీ! సాయంత్రం ఇంటికి వచ్చి చేసింది మాత్రం ఆ తమ్ముళ్ళ పని.

తర్వాత పశువైద్యులను అడిగి తెలుసుకున్న శాస్త్రం క్లుప్తంగా ఇది. చర్మానికి రంగునిచ్చే కణాలే లోపలి చెవిలో కూడా ఉండి, దానికి నెత్తురు సరఫరాను కాపాడుతాయి. తెల్లని జాతుల్లో ఆ కణాలు అక్కడికి చేరకపోతే, పుట్టిన కొద్ది వారాల్లోనే వినికిడి నాడులు ఎండిపోతాయి. మళ్ళీ రావు. మచ్చల డాల్మేషన్ కుక్కల్లోనూ ఇదే తంతు. ఒక చెవే పోయినదాన్ని పళ్ళెం పరీక్ష పట్టుకోలేదు. శబ్దానికి మెదడులో పుట్టే విద్యుత్ సంకేతాన్ని కొలిచే పరీక్ష ఒకటుంది, అది పట్టుకుంటుంది. ఇలాంటివాటిని జతకట్టించకూడదు. ఎందుకంటే దోషం పిల్లలకు దిగుతుంది.

ఆ రాత్రి రాజుగారు నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పారు. ఈసారి విద్యార్థిని నేను. వాడి దగ్గరికి ఎప్పుడూ ముందునుంచి వెళ్ళాలి. నిద్ర లేపాలంటే కాలితో నేలను తట్టాలి, ఆ అదురు వాడికి తెలుస్తుంది. లేదా అరచెయ్యి ముక్కు ముందు ఉంచాలి, వాసనకే లేస్తాడు. అరచెయ్యి పైకి ఊపితే రా, కిందికి వంచితే కూర్చో, అడ్డంగా చూపితే ఆగు. ఇంట్లో అందరూ ఒకే సైగ వాడాలి. చీకట్లో టార్చి మిణుకుమనిపించాలి. గేటు దాటితే పట్టెడ విప్పకూడదు, లారీ హారను వాడికి వినబడదు. తిండి చేతితో పెట్టి, నిద్రలో మెత్తగా తాకి, తాకినప్పుడల్లా ఒక ముక్క ఇచ్చి, ఆ ఉలికిపాటును పోగొట్టాలి. చిన్నపిల్లలను మాత్రం ఒంటరిగా వదలకూడదు. "కాపలా అంటారా? కన్నూ ముక్కూ ఉన్నాయి గదా! సగం కాపలా వాడు కాస్తాడు, మిగతా సగం మీరు కాయండి" అన్నారు.

శనివారం బండి ఎక్కి ఆదివారం ఇల్లు చేరాను. నాకంటే ముందే తోటవాడు వచ్చి గేటు బయట గొలుసుతో నిలబడి ఉన్నాడు. అతనికి బస్సు ఛార్జీలిచ్చి, పాలకోవా పెట్టి పంపించాను. రాయలు అరుగు మీద పడుకుని ఉన్నాడు. నేలమీద కాలు తట్టాను. కళ్ళు తెరిచాడు. నన్ను చూసి లేచి, అలవాటు ప్రకారం ముందు నా కుడిచేతికేసి చూశాడు, బెత్తం ఉందేమోనని. ఆ చూపు నేను మరిచిపోలేను. అరచెయ్యి పైకి తిప్పి ఊపాను. వాడు కదలలేదు. మా అమ్మాయి ముందుకు వచ్చి అదే సైగ చేసి పాలకోవా ముక్క చూపించింది. తోక ఊపుకుంటూ దానిదగ్గరికి పోయాడు. నా దగ్గరికి రావడానికి ఇంకా పదకొండు రోజులు పట్టింది. నేను లెక్కపెట్టాను.

ఇప్పుడు ఏడాది దాటింది. సైగలు ఎనిమిది నేర్చుకున్నాడు. మా చెల్లెలి కొడుకు ఇంటికి రాగానే అరుగు దగ్గర ఆగి, నేలను రెండుసార్లు కాలితో తట్టి, వాడు తల ఎత్తాక గాని మెట్టెక్కడు. పెరటి తలుపుకు కొత్త గడియ వేయించాం. ఆ సగం కాపలా మాది. పెద్ద కుక్కను తెచ్చుకోవాలనుకునేవారు ఎవరైనా నన్నడిగితే, తల్లిదండ్రులను చూసిగాని పిల్లను కొనవద్దని, తెల్లపిల్ల అయితే జేబులో ఒక గరిటె వేసుకుని వెళ్ళమని చెబుతాను. సామెత మాత్రం క్లాసులో మానేశాను. వెనక బెంచీలో ఎవరైనా పలకకపోతే, దగ్గరికి వెళ్ళి ఎదురుగా నిలబడి మళ్ళీ చెబుతున్నాను. అలా చెప్పినప్పుడు ఒక కుర్రవాడు, బోర్డు కనబడక ఇన్నాళ్ళూ ఊరుకున్నానని చెప్పాడు. వాడికి కళ్ళజోడు వచ్చింది.

బెత్తం ఇప్పుడు పెరట్లో బీరపాదుకు ఊతంగా ఉంది. ఎండ ఎక్కువైనప్పుడు రాయలు ఆ పాదు నీడనే పడుకుంటాడు.